పదిమంది చూసిన గీత

ముందుమాట కోసం నా దగ్గరికి వచ్చే పుస్తకాల్లో సగం కవితా సంపుటాలు, మిగతా సగం ఎవరో ఒక పెద్దమనిషి షష్టిపూర్తి సంచికలు. వాటికి నాలుగు మంచి మాటలు రాయడం పెద్ద పనేమీ కాదు. ఈ పుస్తకం ఆ కోవలోది కాదు. కోస్తాలో ఒక చిన్న పట్నం, అందులో ఒక గ్రంథాలయ సంఘం. ఆ సంఘం తన పాత చిహ్నాన్ని, ఇప్పుడందరూ లోగో అంటున్నదాన్ని, నలుగురినీ కూర్చోబెట్టుకుని మార్చుకున్న వైనం ఇందులో ఉంది. దానికి తోడు లోకంలో పేరున్న మరికొన్ని సంస్థల చిహ్నాలు ఎట్లా మారుతూ వచ్చాయో చెప్పే అధ్యాయాలు ఉన్నాయి. రాసిన అమ్మాయి బొమ్మలు గీసి బతుకుతున్న మనిషి. ఆ సంఘానికి కొత్త చిహ్నం గీసిన చేయి కూడా ఆమెదే. తన గొప్ప చెప్పుకోవడానికి బోలెడంత వీలున్న పుస్తకంలో తన గురించి చాలా తక్కువ రాసుకుంది, తనను సరిదిద్దినవాళ్ల గురించి ఎక్కువ రాసింది. నేను ముందుమాటకు ఒప్పుకోవడానికి ఆ ఒక్క గుణం చాలింది.

నన్నే అడగడానికి కారణం లేకపోలేదు. నేను ప్రెస్సువాణ్ణి. సీసపు అక్షరాలు కంపోజు చేసి ట్రెడిల్ మీద అచ్చొత్తిన తరం. సంఘాల లెటర్‌హెడ్లు, రసీదు పుస్తకాలు, వార్షికోత్సవాల కరపత్రాలు మా బతుకుతెరువు. ఊళ్లో ఎవరు సంఘం పెట్టినా మొట్టమొదట వచ్చేది ప్రెస్సుకే, సభ్యులు ఆ తర్వాత చేరేవారు. చిహ్నం ఎలా ఉండాలండీ అని అడిగితే జవాబు ఎప్పుడూ ఒకటే. ఉదయించే సూర్యుడు, తెరిచిన పుస్తకం, వెలిగే దీపం, కలుపుకున్న రెండు చేతులు, చుట్టూ వలయంలో సంఘం పేరు, కింద రిబ్బను మీద సంస్కృతంలో ఒక సూక్తి. వీలైతే భారతదేశ పటం కూడా. ఇవన్నీ అంగుళంన్నర జింకు బ్లాకులో పట్టాలి. పట్టేవి కూడాను. కనపడేవి మాత్రం కావు.

ఈ గ్రంథాలయ సంఘం పాత చిహ్నం సరిగ్గా ఆ బాపతుదే. ఎప్పుడో ఒక డ్రాయింగు మాస్టారు ఎంతో ప్రేమతో గీసి ఇచ్చారు. గోడ మీద నాలుగడుగుల బోర్డులో చూస్తే ఇప్పటికీ అందంగానే ఉంటుందట. చిక్కంతా అది చిన్నదైనప్పుడు. చిహ్నం మార్చాలని సంఘం అనుకున్నాక ఈ అమ్మాయి చేసిన మొదటి పని కాగితం ముందు పెట్టుకుని కూర్చోవడం కాదు. ఆ బొమ్మతో రోజూ పని ఉన్నవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి, దీంతో మీకెక్కడ ఇబ్బంది వస్తోందని అడిగింది. బాగుందా, బాగోలేదా అని అడిగితే మనవాళ్లు మొహమాటానికి బాగుందనే అంటారు. ఇబ్బంది ఎక్కడని అడిగితే మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటారు.

ఆ అధ్యాయం ఈ పుస్తకానికి ప్రాణం. పుస్తకాల మీద ముద్ర కొట్టే గ్రంథపాలకురాలు చెప్పింది: రబ్బరు స్టాంపులో దీపం వత్తి చుట్టూ సిరా పేరుకుపోయి మసిముద్దలా పడుతోందని, వలయంలోని అక్షరాల్లో సున్నా ఏదో వట్రసుడి ఏదో తేలడం లేదని. గుడ్డ సంచుల మీద స్క్రీన్ ప్రింటింగ్ చేసే కుర్రాడు రంగుకో స్క్రీను కావాలన్నాడు. నాలుగు రంగులంటే నాలుగు స్క్రీన్లు, నాలుగుసార్లు కొట్టడం. ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా సూర్యుడు తన కిరణాలను వదిలి పక్కకు పోతాడు. బోర్డులు రాసే పెయింటరు అసలు గుట్టు విప్పాడు. పాత బొమ్మలో కిరణాల మధ్య ఎడం సమంగా లేదు, అందుకే ఆయన రాసిన ప్రతి బోర్డు మీదా ఒక కిరణం ఎక్కువో తక్కువో అవుతోంది. ఇన్నేళ్లుగా ఆ సంగతి ఎవరూ ఆయన్ను అడగలేదు, ఆయనా చెప్పలేదు. చదువుకోవడానికొచ్చే పిల్లల్లో ఒకమ్మాయి, ఆ రెండు చేతులు కలుపుకుంటున్నట్టు లేవండీ, ఒకరి చెయ్యి ఒకరు మెలిపెడుతున్నట్టున్నాయి అంది. ఆ మాట విన్నాక పాత చిహ్నాన్ని మళ్లీ మామూలుగా చూడటం ఆ సంఘంలో ఎవరివల్లా కాలేదట.

అందరూ తీసెయ్యమనేవాళ్లే కాదు. పాత సభ్యుడొకాయన దీపాన్ని కదిలిస్తే ఒప్పుకోనని పట్టుబట్టారు. ఆ ఊరికి కరెంటు రాని రోజుల్లో లాంతరు పెట్టి, చదువు రానివాళ్లకు పత్రిక చదివి వినిపించడంతో ఆ గ్రంథాలయం మొదలైందని ఆయన వాదన. సూర్యుడు ఎవరి సంఘానికైనా సూర్యుడే, దీపం మాత్రం మాది అన్నారు. అది న్యాయమైన మాట. సూర్యుడు పోయాడు, చేతులు పోయాయి, పటం పోయింది. దీపం నిలిచింది, అయితే ఇత్తడి కుందె పోయి లాంతరు వచ్చింది. ఆ మార్పు సూచించింది కూడా ఆ పెద్దాయనే.

నాకు అర్థమైనంతలో ఈ పుస్తకం సారం ఇది. పదిమంది కలిసి ఒక బొమ్మ గీయలేరు. పదిమంది కలిస్తే బొమ్మలో తప్పు మాత్రం పట్టగలరు. సంఘాలన్నీ సాధారణంగా దీన్ని తిరగేసి చేస్తాయి. గీసేటప్పుడు అందరూ తలో చెయ్యీ వేస్తారు, తప్పు పట్టాల్సిన వేళకు అందరూ మర్యాదగా ఊరుకుంటారు.

దేశాంతరాల కథల్లో నాకు బాగా నచ్చింది రోటరీ చక్రం కథ. ఊరి పొలిమేరలో స్వాగతం పలికే బోర్డు మీద, బస్సు షెల్టరు మీద, కంటి ఆపరేషన్ల శిబిరం బ్యానరు మీద, పోలియో చుక్కల కరపత్రం మీద ఆ పళ్ల చక్రం చూడని తెలుగువాడుండడు. దానికి ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టినవాళ్లు మాత్రం తక్కువ. 1905 ఫిబ్రవరి 23న చికాగోలో పాల్ హ్యారిస్ అనే లాయరు మరి ముగ్గురితో కలిసి మొదలుపెట్టిన సంఘం అది. సభ్యుల ఆఫీసుల్లో వంతులవారీగా, ఇవాళ ఒకరి దగ్గర రేపు ఒకరి దగ్గర కలుసుకునేవారు గనక ఆ పేరు వచ్చింది. సభ్యుల్లో మాంటేగ్ బేర్ అనే చెక్కడపు పనివాడు ఉన్నాడు. ఆయన మామూలు బండిచక్రం ఒకటి గీసి ఇచ్చాడు. అది కదలకుండా నిలబడినట్టుంది, జీవం లేదన్నారు తోటి సభ్యులు. సరేనని చక్రం కింద మేఘాల్లాంటి గీతలు చేర్చాడు. ఈసారి, అవి మేఘాల్లా లేవు దుమ్ములా ఉన్నాయి, పైగా చక్రానికి ముందూ వెనకా రెండువైపులా దుమ్ము ఎలా లేస్తుందని ప్రశ్న. బేర్ గారు వాదన పెట్టుకోలేదు. ఆ దుమ్ము మీదుగా సంఘం పేరున్న పట్టీ ఒకటి అడ్డంగా వేసి కప్పేశాడు. ఈ ఉపాయం చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను. బ్లాకులో గీత చెడితే దాని మీద రిబ్బను వేసి పేరు పెట్టడం మా బ్లాకు మేకర్లందరికీ తెలిసిన విద్యే.

ఆ తర్వాత 1912 ప్రాంతంలో బండిచక్రం పోయి యంత్రాల్లో ఉండే పళ్ల చక్రం వచ్చింది. ఊరూరా క్లబ్బులు పెరిగేకొద్దీ ఊరికో రకం చక్రం తయారైంది. పళ్ల సంఖ్య ఎవరిష్టం వారిది. కొన్ని చక్రాల పళ్లు ఏ యంత్రంలోనూ ఇమిడేవి కావు. సభ్యుల్లో ఇంజనీర్లు కూడా ఉన్నారు కదా, వాళ్లకది చూడలేని బాధ. చివరికి డులూత్ నగరానికి చెందిన ఆస్కార్ బ్యోర్గె, చికాగోకు చెందిన చార్లెస్ మెకింటాష్ అనే ఇద్దరు సభ్యులు కూర్చుని లెక్క కట్టారు. ఆరు ఆకులు, ఇరవైనాలుగు పళ్లు. నిజంగా ఇనుముతో పోత పోసి తిప్పితే తిరిగే చక్రం. అంతటితో అయిపోయిందనుకున్నాక 1920ల్లో మరో లోపం బయటపడింది. చక్రం నడుమ రంధ్రంలో కీ బిగించే గాడి లేదు. ఇరుసుకీ చక్రానికీ మధ్య ఆ ఇనుప ముక్క లేకపోతే ఇరుసు దారి ఇరుసుది, చక్రం దారి చక్రానిది. అలాంటి చక్రం ఊరికే తిరుగుతుంది, పని చెయ్యదు. సేవ చేస్తామని చెప్పుకునే సంఘానికి పనిచెయ్యని చక్రమా అన్న ఆక్షేపణ నిలబడింది, నడుమ గాడి చేరింది. ఇవాళ రోటరీ చక్రం మధ్యలో మీకు కనబడే చిన్న నలుచదరపు నొక్కు అదే.

నేనైతే ఆ భాగాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకున్నాను. ట్రెడిల్ ఫ్లైవీల్‌కు కీ వదులైతే ఏమవుతుందో ప్రెస్సులో పనిచేసినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. చిత్రకారుడికి ఆ గాడి ఎప్పటికీ తట్టదు. ఇంజనీరుకు అందంగా గీయడం రాదు. ఒక సంఘంలో ఈ ఇద్దరూ ఉండి, ఒకరి మాట ఒకరు వినగలిగితే అలాంటి చిహ్నం పుడుతుంది. 2013లో రోటరీవాళ్లు మళ్లీ మార్పు చేశారు. చక్రం అంచు మీది పేరు చిన్న సైజులో చదవరాదు గనక పేరును పెద్ద అక్షరాలతో చక్రం పక్కన పెట్టారు. గాడిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఇక మన గడపలో జరిగిన కథ. జాతీయ జెండాను లోగోల పుస్తకంలో చేర్చడమేమిటని కొందరు నొసలు చిట్లించవచ్చు. 1921లో అది ఇంకా జాతీయ జెండా కాదు. కాంగ్రెస్ అనే సంస్థ తనకోసం వెతుక్కుంటున్న గుర్తు. ఆ ఏడాది మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు. బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన పింగళి వెంకయ్య గారు అంతకు ఐదేళ్ల ముందే జెండాల మీద ఒక పుస్తకం అచ్చువేసి, రకరకాల నమూనాలు అందులో పెట్టారు. జెండా మీద రాట్నం ఉండాలన్న సూచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్ గారిది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం వేసి ఇమ్మని అడిగింది గాంధీగారు. వెంకయ్య గారు మూడు గంటల్లో గీసి ఇచ్చారు. అయినా సమావేశంలో పెట్టడానికి వేళ మించిపోయింది. అలా ఆలస్యం కావడమే మంచిదైందని గాంధీగారు తర్వాత తన పత్రిక యంగ్ ఇండియాలో రాశారు. నింపాదిగా ఆలోచిస్తే హిందువులకూ ముస్లిములకూ చెరో రంగు ఉంది గానీ మిగతా మతాలవాళ్లకు చోటేదన్న సంగతి అప్పుడు తట్టింది. దాంతో తెలుపు చేరింది.

పదేళ్లు తిరిగేసరికి ఆ లెక్కే చిక్కు తెచ్చింది. రంగుకో మతం అన్నాక, మా రంగేదని సిక్కులు అడిగారు. 1931లో కాంగ్రెస్ ఏడుగురితో ఒక జెండా కమిటీ వేసింది. పటేల్, నెహ్రూ, ఆజాద్, మాస్టర్ తారాసింగ్ వంటివారు సభ్యులు. కన్వీనరు మన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు. నలుదిక్కుల నుంచీ అభిప్రాయాలు తెప్పించుకుని, జెండా అంతా ఒక్క కాషాయమే ఉండాలని, మూల రాట్నం ఉండాలని ఆ కమిటీ తేల్చింది. అంతటి పెద్దలు చెప్పినా అఖిల భారత కాంగ్రెస్ కమిటీ దానికి ఒప్పుకోలేదు. ఆగస్టులో బొంబాయిలో కూడి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వరసగా పెట్టి, నడుమ నీలి రాట్నం ఉంచి, ఈ రంగులకు మతాలతో సంబంధం లేదని తీర్మానంలోనే రాసుకున్నారు. మళ్లీ 1947 జూలై 22న రాజ్యాంగ సభలో రాట్నం స్థానంలో చక్రం వచ్చింది. అప్పుడు నెహ్రూ గారు చెప్పిన కారణాల్లో ఒకటి అచ్చంగా మా ప్రెస్సువాళ్ల కారణం. రాట్నానికి ఒకవైపు చక్రం, ఒకవైపు కదురు ఉంటాయి. జెండాను అవతలి వైపు నుంచి చూస్తే అది తిరగబడుతుంది. చక్రానికి ఆ బాధ లేదు, ఎటు చూసినా చక్రమే.

ఈ అధ్యాయంలో రచయిత్రి ఒక సున్నితమైన పని చేసింది. పింగళి వారి పేరు చెప్పగానే మనకు పొంగు వస్తుంది, రావాలి కూడా. ఆ పొంగులో జెండా మొత్తం ఒక్కరి చేతి మీదే జరిగిందన్నట్టు చెప్పుకోవడం అలవాటైంది. వెంకయ్య గారి కృషిని ఎంత గౌరవించాలో అంత గౌరవిస్తూనే, రాట్నం ఎవరి మాటో, తెలుపు ఎందుకొచ్చిందో, అభ్యంతరం ఎవరు చెప్పారో ఆమె విడివిడిగా రాసింది. దీనివల్ల వెంకయ్య గారు చిన్నవారు కాలేదు. ఇంతమంది పట్టుకున్న జెండాకు మొదటి గీత గీసిన మనిషిగా ఇంకా పెద్దవారయ్యారు. మన ఊళ్లలో సభలు పెట్టేవాళ్లు ఈ పేజీలు చదివి ప్రసంగాలు తయారుచేసుకుంటే బాగుంటుంది.

వికీపీడియా లోగో గురించిన అధ్యాయం చిన్నది గానీ చురుక్కుమనిపిస్తుంది. 2001లో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో ఎవరైనా ఏ తప్పునైనా దిద్దవచ్చు. 2003లో పోటీ పెట్టి, పాల్ స్టాన్సిఫర్ అనే యువకుడు గీసిన ముక్కల గోళాన్ని ఎంచుకున్నారు. డేవిడ్ ఫ్రీడ్‌లాండ్ అనే మరొకరు దాన్ని తిరిగి గీసి సాపు చేశారు. పైన కొన్ని ముక్కలు అమరకుండా ఖాళీగా ఉంటాయి, పని ఇంకా పూర్తికాలేదని దాని భావం. ఒక్కో ముక్క మీద ఒక్కో భాష అక్షరం. అందులో దేవనాగరి అక్షరం తప్పుపడింది. హిందీలో ఇకారం అక్షరానికి ముందు పడాలి, ఆ బొమ్మలో వెనక పడింది. జపనీస్ అక్షరమూ తప్పే. హిందీ రెండో తరగతి పిల్లాడు పట్టుకునే తప్పు అమెరికా పత్రికల దాకా ఎక్కింది. అయినా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. వ్యాసంలో తప్పైతే ఎవరైనా దిద్దేవారు. బొమ్మలో తప్పుకు మాత్రం తలుపు లేదు. 2010లో గోళాన్ని కనబడని వెనక వైపుతో సహా పూర్తిగా మళ్లీ కట్టి, అక్షరాలు సరిచేశారు. మన ఫ్లెక్సీల మీద ఒత్తులు ఊడి పక్కన పడిన తెలుగు చూసి పళ్లు కొరుక్కునేవాళ్లకు ఈ కథ వేరే వివరించక్కర్లేదు. కంప్యూటరు చూపించిందే అక్షరమనుకుని అచ్చుకు పంపేవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. ఆ భాష చదవడం వచ్చిన ఒక్క మనిషికి ముందు చూపిస్తే పోయేది.

తెలుగు అక్షరం మాట వచ్చింది గనక ఇంకొంచెం చెబుతాను, ఇది నా సొంత గోడు కూడా. గుండ్రటి ముద్రలో పేరు రాయడం ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకు కుదిరినంత సులువుగా తెలుగుకు కుదరదు. వాళ్ల అక్షరాలన్నీ ఒకే ఎత్తు, రెండు గీతల మధ్య ఒదిగి కూర్చుంటాయి. మనకు పైన గుడులు, ఏత్వాలు, పక్కన కొమ్ములు, కింద ఒత్తులు. వలయం పై భాగంలో ఒత్తులన్నీ లోపలి గీత వైపు దగ్గరపడి ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. అక్షరం చదవడానికి ఎడం పెంచితే పేరు వలయం దాటిపోతుంది. ఈ అమ్మాయి చేసిన పరిష్కారం సాదాసీదా అయినది. పేరును వలయంలోంచి బయటికి తీసి లాంతరు కింద సూటిగా ఒక వరసలో రాసింది. అక్షరాలు ఫాంటు నుంచి తీసుకోకుండా చేత్తో రాసింది. బాపు గారి చేతిరాత ఎంతమంది పుస్తకాల అట్టలకు ముఖమైందో తెలిసినవాళ్లం, తెలుగులో పేరే సగం బొమ్మ అని మనకు వేరే చెప్పాలా? సంఘం పేరు మొదట చూసినప్పుడు ఒక ఒత్తు మరీ కిందికి జారిందని గ్రంథపాలకురాలు అందట. అది కూడా దిద్దింది.

నేను ఒప్పుకోని చోట్లు రెండున్నాయి. పీఠిక రాసేవాడు పొగడ్తతో సరిపెట్టుకోవాలన్న నియమం నాకు లేదు, ఆమె కూడా అది కోరలేదు.

మొదటిది ఓటింగు. చివరి మూడు నమూనాలను సభ్యుల వాట్సాప్ గ్రూపులో పెట్టి ఓట్లడగడం మంచి పద్ధతి అని ఆమె రాసింది. ఆమె విషయంలో మంచే జరిగింది, అయితే అది అదృష్టం. ఓటు వేసే మనిషి ఫోను తెరమీద మూడు సెకన్లు చూసి బొటనవేలు నొక్కుతాడు. రబ్బరు స్టాంపు మీద అదెలా పడుతుందో అతనికి పట్టదు. ఓట్లు బాగా తెలిసిన బొమ్మకే పడతాయి, బాగా తెలిసిన బొమ్మ అంటే మళ్లీ ఉదయించే సూర్యుడే. ఇక్కడ నాకు మొజిల్లా అనే సాఫ్ట్‌వేర్ సంస్థ పద్ధతి నచ్చింది. 2016లో వాళ్లు తమ లోగో మార్చే పనిని మొదటి నుంచీ లోకం ముందు పెట్టి చేశారు. ఏడు నమూనాలు బయటపెట్టి వేలమంది చేత విమర్శ చెప్పించుకున్నారు. గీత మాత్రం డబ్బిచ్చి లండన్‌లోని ఒక డిజైన్ సంస్థ చేత గీయించారు, ఎంపిక తామే చేశారు. 2017 జనవరిలో ఫలితం ప్రకటించారు. ఆ లోగో అందరికీ నచ్చిందని కాదు. ఎవరి పని ఏదో మాత్రం అక్కడ స్పష్టంగా ఉంది.

రెండోది పోటీలు. మన రూపాయి గుర్తు 2010లో పోటీ ద్వారానే వచ్చింది. మూడు వేలకు పైగా ఎంట్రీలు, గెలిచిన ఉదయకుమార్ గారికి రెండున్నర లక్షల బహుమతి. దేవనాగరి ర అక్షరానికీ రోమన్ ఆర్ అక్షరానికీ ముడివేసిన ఆ గుర్తు గొప్పగా కుదిరింది, కాదనను. ప్రభుత్వం చేయగలిగిన పని అది. ఊళ్లో సంఘం అదే పని చేస్తే ఏమవుతుంది? ఆర్ట్ చదువుకున్న పిల్లలు పాతికమంది రాత్రుళ్లు కూర్చుని గీస్తారు. ఒకరికి శాలువా, జ్ఞాపిక. మిగతావారికి సర్టిఫికెట్టు, దాని మీద కూడా అచ్చుతప్పు. మైకు వాడికి, షామియానా వాడికి, భోజనాల వాడికి అడ్వాన్సు ఇచ్చే సంఘం బొమ్మ గీసినవాడి దగ్గరికి వచ్చేసరికి సేవాభావం గురించి మాట్లాడుతుంది. ఈ గ్రంథాలయ సంఘం ఈమెకు ముందే ఇంత అని చెప్పి, అంతా ఇచ్చింది. ఆ సంగతి ఆమె మొహమాటపడి ఒక్క వాక్యంలో దాటేసింది. ఒక పేజీ రాయాల్సిన సంగతి అది.

ఇంకొక చిన్న కొరత. ఒక మనిషి ఆలోచన, మరొక మనిషి చేయి మాత్రమే కలిసి నిలిచిపోయిన మంచి చిహ్నాలు మనకున్నాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ముద్ర కట్టమంచి రామలింగారెడ్డి గారి ఊహకు కౌతా రామమోహన శాస్త్రి గారు ఇచ్చిన రూపం. పదిమంది మాటా కలిస్తేనే మంచిదవుతుందన్న భావం ఈ పుస్తకం చదివినవాళ్లకు కలిగే ప్రమాదం ఉంది. రెండో ముద్రణలో ఆమె ఇలాంటి కథ ఒకటి చేరిస్తే తూకం సరిపోతుంది. పాండా బొమ్మ కథ మాత్రం వదలకుండా చెప్పినందుకు మెచ్చుకుంటున్నాను. వన్యప్రాణి సంరక్షణ కోసం 1961లో పుట్టిన సంస్థ పాండాను ఎంచుకోవడానికి దాని అందం, అది అంతరించిపోతుందన్న భయంతోపాటు, నలుపు తెలుపుల్లో ఉన్న జంతువైతే అచ్చు ఖర్చు తగ్గుతుందన్న లెక్క కూడా ఉంది. ఆ లెక్క వేసినవాళ్లకు ప్రెస్సువాడిగా నా నమస్కారం.

పుస్తకం భాష తేలికగా ఉంది. బొమ్మలు బాగా అచ్చయ్యాయి, ముఖ్యంగా పాత స్టాంపూ కొత్త స్టాంపూ పక్కపక్కన వేసిన పేజీ. తిరస్కరించిన నమూనాలన్నీ చివర్లో ఇవ్వడం, ప్రతి దాని కింద అది ఎందుకు పోయిందో, ఎవరి మాట వల్ల పోయిందో రాయడం నేను మరెక్కడా చూడని మర్యాద. అచ్చుతప్పులు కొన్ని ఉన్నాయి, జాబితా ఆమెకు విడిగా పంపాను.

సంఘాల కార్యదర్శులకు, కోశాధికారులకు నా మనవి ఒకటే. ఈ పుస్తకంలో ఇబ్బందుల అధ్యాయం ముందు చదవండి. మీ స్టాంపు తీసి తెల్ల కాగితం మీద ఒకసారి గట్టిగా కొట్టి, దాన్ని మీ సంఘంతో సంబంధం లేని మనిషికి చూపించి, ఇందులో ఏముందో చెప్పమనండి. చెప్పలేకపోతే చిహ్నం మార్చుకోండి. గీసేవాళ్లకు డబ్బులు ముందే మాట్లాడుకోండి. కొత్త లెటర్‌హెడ్లకు ఆర్డరు ఆ తర్వాత ఇవ్వండి.